ప్రభుత్వ ఎగుమతి రుణం: విదేశీ టెండరులో బిడ్డరుకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

విదేశాల్లో రైలు మార్గమో, విద్యుత్ కేంద్రమో, తాగునీటి పథకమో కట్టడానికి టెండరు పిలిచినప్పుడు ఒకప్పుడు కాంట్రాక్టరును అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంతకు కడతారు, ఎన్నాళ్లలో కడతారు. ఇప్పుడు అభివృద్ధి చెందుతున్న దేశాల టెండర్లలో మూడో ప్రశ్న ముందుకు వచ్చి కూర్చుంది. డబ్బు ఎవరు తెస్తారు, ఏ షరతుల మీద తెస్తారు అన్నది ఆ ప్రశ్న. దానికి కాంట్రాక్టరు దగ్గర ఉండే ప్రధానమైన జవాబు తన దేశ ప్రభుత్వం నడిపే ఎగుమతి రుణ సంస్థ. ఆ సంస్థలు అందించే సేవ ఎలా ఉందో, ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ మొండిచెయ్యి చూపిస్తుందో వాడుకునేవారి వైపు నుంచి పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సేవలో అందరి కళ్లూ మొదట పడేది వడ్డీ రేటు మీద. కానీ బిడ్డు నెగ్గడమైనా, నెగ్గిన పని గట్టెక్కడమైనా ఎక్కువగా ఆధారపడేది తిరిగి చెల్లించే గడువు మీద, కొనుగోలుదారు ముందుగా తన చేతి నుంచి పెట్టుకోవలసిన వాటా మీద, రుణం మంజూరయ్యే వేగం మీద. వీటిలో మొదటిది 2023 తర్వాత బాగా మెరుగుపడింది. రెండోదానిలో అంత మార్పు లేదు. మూడో విషయంలో మాత్రం మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ కనిపించదు.

సేవ స్వరూపం తెలియనివారి కోసం రెండు మాటలు. బ్రిటన్ 1919లో ఎగుమతి రుణాలకు హామీ ఇచ్చే ప్రభుత్వ విభాగాన్ని ఏర్పాటు చేయడంతో ఈ పద్ధతి మొదలైంది. అమెరికా ఎగ్జిమ్ (ఎగుమతి–దిగుమతి) బ్యాంకు 1934లో, భారత ఎగ్జిమ్ బ్యాంకు 1982లో, చైనా ఎగ్జిమ్ బ్యాంకు 1994లో వచ్చాయి. ఈ సంస్థలు కొన్ని సందర్భాల్లో విదేశీ కొనుగోలుదారుకు నేరుగా రుణం ఇస్తాయి. కొన్ని సందర్భాల్లో వాణిజ్య బ్యాంకు ఇచ్చిన రుణానికి హామీగా గానీ బీమాదారుగా గానీ నిలుస్తాయి. మరికొన్ని సందర్భాల్లో స్థిర వడ్డీకి, బ్యాంకు కోరే వడ్డీకి మధ్య ఉన్న తేడాను తాము భరిస్తాయి. ఏ రూపంలో వచ్చినా కాంట్రాక్టరుకు దక్కే ఫలితం ఒకటే: పని జరిగే కొద్దీ బిల్లుల డబ్బు రుణ ఖాతా నుంచి నేరుగా అందుతుంది, బాకీ వసూలు చేసుకునే బాధ్యత అతడి నెత్తిన ఉండదు. విదేశీ ఆర్థిక మంత్రిత్వ శాఖ ఎప్పుడు చెల్లిస్తుందా అని ఎదురుచూసిన కాంట్రాక్టరుకు ఈ ఒక్క సౌకర్యం విలువ ఎంతో ఎవరూ చెప్పనక్కరలేదు.

షరతుల విషయానికి వస్తే, సంపన్న దేశాల సంస్థలు అధికారిక మద్దతు గల ఎగుమతి రుణాలపై ఓఈసీడీ అనే ఆర్థిక సహకార కూటమి కుదిర్చిన ఒప్పందాన్ని పాటిస్తాయి. ఇది 1978 నుంచి అమల్లో ఉంది. పేరుకు ఇది పెద్దమనుషుల ఒప్పందమే గానీ, యూరోపియన్ యూనియన్ దీనిని తన చట్టంలో చేర్చుకుంది. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, అమెరికా, జపాన్, కొరియా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, నార్వే, స్విట్జర్లాండ్, తుర్కియే ఇందులో భాగస్వాములు. చైనా, భారత్, రష్యా ఇందులో లేవు. ప్రభుత్వాలు పోటీపడి వడ్డీని తగ్గించుకుంటూ పోతే చివరికి నష్టపోయేది పన్ను కట్టే ప్రజలేనన్న భయంతో ఈ ఒప్పందం పుట్టింది. అందుకే ఇందులో ప్రతిదానికీ ఒక హద్దు ఉంటుంది: గడువుకు గరిష్ఠ పరిమితి, వడ్డీకి కనిష్ఠ పరిమితి, బీమా ప్రీమియానికి కనిష్ఠ పరిమితి. కాంట్రాక్టరు దృష్టిలో ఇది తన చేతులకు వేసిన తాడు. తోటి కాంట్రాక్టరు చేతులకూ అదే తాడు ఉన్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. తాడు లేని పోటీదారు బరిలోకి దిగినప్పుడే చిక్కు మొదలైంది.

2023 జులైలో అమల్లోకి వచ్చిన సవరణలు ఈ తాడును గణనీయంగా వదులు చేశాయి. అంతకుముందు సాధారణ ప్రాజెక్టులకు, సంపన్న దేశాల కొనుగోలుదారులకు ఎనిమిదిన్నరేళ్లు, మిగతా దేశాలవారికి 10 ఏళ్లు మాత్రమే గడువు ఇవ్వగలిగేవారు. ఇప్పుడు ఎక్కువ ప్రాజెక్టులకు 15 ఏళ్లు, పునరుత్పాదక విద్యుత్తు, విద్యుత్ సరఫరా లైన్లు, ఉద్గారాలు లేని రవాణా వంటి వాతావరణ అనుకూల ప్రాజెక్టులకు 22 ఏళ్ల వరకు ఇవ్వవచ్చు. వాయిదాలను ప్రాజెక్టు రాబడికి తగినట్టు అమర్చుకునే వెసులుబాటు కూడా పెరిగింది.

ఈ మార్పు ఎంత పెద్దదో ఒక లెక్క వేసి చూద్దాం. 10 కోట్ల డాలర్ల రుణాన్ని ఏడాదికి 5 శాతం వడ్డీతో 10 ఏళ్లలో, ఆరు నెలలకోసారి సమాన అసలు వాయిదాలతో తీర్చాలనుకుందాం. మొదటి ఏడాది అసలు, వడ్డీ కలిపి దాదాపు 1 కోటి 49 లక్షల డాలర్లు కట్టవలసి వస్తుంది. అదే రుణానికి వడ్డీ ఒక శాతం పెంచి 6 శాతం చేసి, గడువును 15 ఏళ్లకు పొడిగిస్తే, మొదటి ఏడాది కట్టవలసింది సుమారు 1 కోటి 26 లక్షల డాలర్లు మాత్రమే. వడ్డీ పెరిగినా భారం తగ్గింది. నిజమే, మొత్తం వడ్డీ 2 కోట్ల 62 లక్షల నుంచి 4 కోట్ల 65 లక్షలకు పెరుగుతుంది. కానీ వంతెన మీద టోలు వసూళ్లు ఇంకా పుంజుకోని, విద్యుత్ కేంద్రం ఇంకా పూర్తి సామర్థ్యానికి చేరుకోని తొలి ఏళ్లలో బడ్జెట్టు అధికారి చూసేది ఆ ఏడాది పద్దునే. అందుకే రుణ ప్రతిపాదనలో వడ్డీని పావు శాతం తగ్గించమని తన బ్యాంకుతో వారాల తరబడి బేరమాడే కాంట్రాక్టరు, ఆ శ్రమలో సగం గడువు పెంచుకోవడం మీద పెట్టి ఉంటే ఎక్కువ లాభపడేవాడని నా అంచనా.

ఇక్కడే మరో విషయం గమనించాలి. ఓఈసీడీ గడువును, చైనా గడువును పక్కపక్కన పెట్టి పోల్చేవారు తరచుగా పొరబడుతుంటారు. ఓఈసీడీ లెక్కలో, కాంట్రాక్టరే నిర్మించి నడిపి చూపించవలసిన ప్రాజెక్టు అయితే, గడువు నిర్మాణం పూర్తయిన తర్వాత మొదలవుతుంది. నిర్మాణ కాలం దానికి అదనం. చైనా రుణాల్లో ప్రకటించే ఏళ్ల సంఖ్యలో మారటోరియం, అంటే అసలు కట్టనక్కరలేని తొలి కాలం కూడా కలిసే ఉంటుంది. కెన్యాలో మొంబాసా నుంచి నైరోబీకి వేసిన రైలు మార్గాన్ని తీసుకోండి. 2014లో చైనా ఎగ్జిమ్ బ్యాంకు దానికి రెండు రుణాలు ఇచ్చింది. ఒకటి 160 కోట్ల డాలర్ల రాయితీ రుణం, 2 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు, అందులో 7 ఏళ్లు మారటోరియం. రెండోది దాదాపు అంతే మొత్తంలో వాణిజ్య రుణం, లైబర్ (బ్యాంకుల మధ్య నడిచే స్వల్పకాలిక వడ్డీ రేటు) మీద అదనంగా 3.6 శాతం, 15 ఏళ్ల గడువు, అందులో 5 ఏళ్లు మారటోరియం. అంటే అసలు తీర్చడానికి నిజంగా మిగిలేది మొదటి దానికి 13 ఏళ్లు, రెండో దానికి 10 ఏళ్లు. నేటి ఓఈసీడీ షరతుల ప్రకారం 15 ఏళ్లు ఇవ్వగల సంస్థ, గడువు విషయంలో ఈ రుణాలకు ఏ మాత్రమూ తీసిపోదు. ఇలాంటి మార్గాన్ని విద్యుత్ రైళ్లకోసం రూపొందిస్తే 22 ఏళ్లు అడగవచ్చు. కెన్యా మార్గం డీజిలు ఇంజన్లతో నడుస్తోంది. అయినా చాలామంది బిడ్డర్లు తమ గడువు ఈ రకంగా మెరుగ్గా ఉందన్న మాటను కొనుగోలుదారు ముందు గట్టిగా చెప్పుకోరు, చెప్పుకున్నా సమర్పణ పత్రంలో ఎక్కడో అనుబంధంలో చెబుతారు.

అదే కెన్యా రుణం వడ్డీ గురించి కూడా ఒక పాఠం చెబుతుంది. రుణం తీసుకున్నప్పుడు లైబర్ ఒక శాతం కూడా లేదు. వాణిజ్య రుణం 4 శాతం చుట్టూ పడినట్టు కనిపించింది. 2023 వచ్చేసరికి డాలరు స్వల్పకాలిక వడ్డీ 5 శాతం దాటింది, దానికి 3.6 కలిపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఓఈసీడీ దేశాలు ఇచ్చే సీఐఆర్ఆర్ అనే స్థిర వడ్డీకి ఉన్న గొప్పతనం ఇక్కడే బయటపడుతుంది. ప్రభుత్వ బాండ్ల రాబడి మీద కొంత మార్జిన్ కలిపి ప్రతి కరెన్సీకీ నెల నెలా ప్రకటించే ఈ రేటును ఒప్పందం నాడు ఖాయం చేసుకుంటే, రుణం తీరే వరకు అది కదలదు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. స్థిర వడ్డీ ప్రతిపాదన, మార్కెట్టుతో పాటు మారే చల వడ్డీ ప్రతిపాదన ఒకే పట్టికలో పోటీ పడినప్పుడు, సమర్పణ నాటి రేటు చూసి చల వడ్డీ చవక అనుకోవడం మూల్యాంకన సంఘాలు చేసే అతి సాధారణమైన పొరపాటు.

ఇక ముందుగా పెట్టవలసిన వాటా. ఓఈసీడీ ఒప్పందం ప్రకారం సాధారణంగా ఎగుమతి కాంట్రాక్టు విలువలో కనీసం 15 శాతం కొనుగోలుదారు రుణం తీర్చే గడువు మొదలయ్యేలోగా చెల్లించాలి. అధికారిక మద్దతు సాధారణంగా 85 శాతం దాటకూడదు. కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కొనుగోలుదారు సొమ్ము కొంతైనా పందెంలో ఉంటే ప్రాజెక్టు మీద శ్రద్ధ ఉంటుందన్నది దీని వెనుక తర్కం. కానీ 50 కోట్ల డాలర్ల పనిలో 15 శాతం అంటే 7 కోట్ల 50 లక్షలు. అంత మొత్తాన్ని బడ్జెట్టు నుంచి ఒకేసారి తీయగల ప్రభుత్వాలకు ఎగుమతి రుణం అవసరం అంతగా ఉండదు. అవసరం ఉన్న ప్రభుత్వాలు అంత తీయలేవు. ఫలితంగా ఆ 15 శాతానికి కాంట్రాక్టరు మరో వాణిజ్య రుణాన్ని వెతికి పెట్టవలసి వస్తుంది. దానికి గడువు తక్కువ, వడ్డీ ఎక్కువ. రెండు రుణాలు కలిపి సగటు తీస్తే, ప్రకటనలో మెరిసిన సీఐఆర్ఆర్ రేటు కాస్త మసకబారుతుంది. చైనా సంస్థలు కొన్ని సందర్భాల్లో ఈ వాటాను బాగా తగ్గించి ముందుకొస్తాయి. కెన్యా మార్గానికి దాదాపు 90 శాతం నిధులు చైనా రుణాల నుంచే వచ్చాయి. 2023 సవరణల్లో గడువుకు ఇచ్చిన ఉదారత ఈ వాటా విషయంలో చూపలేదన్నది నా ప్రధాన ఫిర్యాదు.

స్థానిక ఖర్చుల నియమం గురించి మాత్రం కొంత మంచి చెప్పాలి. ఎగుమతి రుణం పుట్టిందే టర్బైన్లు, ఇంజన్లు, యంత్రాలు అమ్ముకోవడానికి. రోడ్డు పనికో ఆనకట్టకో అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం సిమెంటు, ఇసుక, కంకర, కూలీలు, రవాణా. ఇవన్నీ పని జరిగే దేశంలోనే దొరుకుతాయి, ఎగుమతి అయ్యేవి కావు. మునుపు ఎగుమతి కాంట్రాక్టు విలువలో 30 శాతం వరకే ఈ స్థానిక ఖర్చులకు మద్దతు దొరికేది. 2021లో దానిని సంపన్న దేశాలకు 40 శాతానికి, మిగతా దేశాలకు 50 శాతానికి పెంచారు. సివిల్ పనులు చేసే కాంట్రాక్టర్లకు ఇది గడువు పెంపుకన్నా ఎక్కువ ఉపయోగపడిన మార్పు అని నేననుకుంటాను. అయినా పూర్తిగా మట్టిపని, కాంక్రీటు పని మాత్రమే ఉండే కాంట్రాక్టుకు ఈ సేవ ఇప్పటికీ అమరదు. యంత్రాలు, సిగ్నలింగు, పంపులు, నియంత్రణ వ్యవస్థలు కలిసి ఉన్న ప్యాకేజీ అయితేనే లెక్క కుదురుతుంది.

ప్రీమియం గురించి పెద్దగా చెప్పడానికి లేదు, అది చేదు మాత్ర. ఓఈసీడీ దేశాలను రిస్కు బట్టి 0 నుంచి 7 వరకు వర్గీకరిస్తుంది. వర్గం సంఖ్య, గడువు పెరిగిన కొద్దీ కనీస ప్రీమియం పెరుగుతుంది. ఏడో వర్గంలో ఉన్న దేశానికి దీర్ఘకాలిక రుణం అంటే ప్రీమియం రుణంలో పదో వంతు దాటినా ఆశ్చర్యపోనక్కరలేదు. దీనిని రుణంలోనే కలుపుకోవచ్చు గానీ, చివరికి కట్టేది కొనుగోలుదారే. మూల్యాంకన పట్టికలో వడ్డీ పక్కన ఈ ప్రీమియాన్ని కూడా చూపించని ప్రతిపాదనను సగం ప్రతిపాదనగానే చూడాలి.

ఏ దేశపు సంస్థను ఆశ్రయించాలన్నది నిర్ణయించేది సాధారణంగా స్వదేశీ వాటా నియమం. దీనిలో సంస్థల మధ్య తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. బ్రిటన్ ఎగుమతి రుణ సంస్థ కాంట్రాక్టు విలువలో 20 శాతం బ్రిటన్ నుంచి వస్తే చాలంటుంది. మిగతా 80 శాతం ఎక్కడి నుంచి తెచ్చుకున్నా అభ్యంతరం లేదు. తుర్కియేలో అంకారా నుంచి ఇజ్మీర్‌కు 503 కిలోమీటర్ల వేగవంతమైన విద్యుత్ రైలు మార్గానికి 2022లో 170 కోట్ల పౌండ్ల హామీ ఇచ్చినప్పుడు ఈ ఉదారత ఎంత దూరం పనికొస్తుందో కనిపించింది. జపాన్ సహాయ రుణాల్లో స్టెప్ అనే పథకం కనీసం 30 శాతం జపాన్ వాటా కోరుతుంది, ప్రధాన కాంట్రాక్టరు కూడా జపాన్ సంస్థే కావాలంటుంది. చైనా రాయితీ రుణాలకు సాధారణంగా కనీసం 50 శాతం చైనా నుంచి కొనాలి. భారత ప్రభుత్వ మద్దతుతో ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చే లైన్ ఆఫ్ క్రెడిట్లకు (ఒక పరిమితి వరకు వాడుకోవడానికి విదేశీ ప్రభుత్వాలకు ఇచ్చే రుణాలకు) 2015 మార్గదర్శకాల ప్రకారం 75 శాతం భారత్ నుంచే రావాలి, సివిల్ పనులున్న ప్రాజెక్టులకు ఇందులో 10 శాతం వరకు సడలింపు దొరకవచ్చు.

భారత పథకం గురించి కాస్త వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే తెలుగు పాఠకుల్లో ఈ రంగంలో ఉన్నవారికి దగ్గరగా ఉండేది అదే. 2015 మార్గదర్శకాల్లో అత్యంత వెనుకబడిన దేశాలకు 1.5 శాతం వడ్డీ, 25 ఏళ్ల గడువు, 5 ఏళ్ల మారటోరియం. దిగువ మధ్య ఆదాయ దేశాల్లో ఎక్కువ వాటికి 1.75 శాతం, 20 ఏళ్లు; మిగతా దేశాలకు లైబర్ మీద 1.5 శాతం, 15 ఏళ్లు అని రాసి ఉంది. షరతులుగా చూస్తే ఇవి ప్రపంచంలో ఎవరికీ తీసిపోవు. పైగా లైన్ ఆఫ్ క్రెడిట్ కింద వచ్చే పనులకు పోటీ భారత సంస్థల మధ్యే జరుగుతుంది కాబట్టి, బిడ్డరుకు విదేశీ పోటీ అనే తలనొప్పి ఉండదు. లోపం ఏమిటంటే, ఈ రుణాలు రెండు ప్రభుత్వాల మధ్య దౌత్య చర్చల్లో పుడతాయి. ఏ కాంట్రాక్టరూ తన టెండరు గడువు చూసుకుని వీటిని అడిగి తెచ్చుకోలేడు. అంతర్జాతీయ టెండరులో నిజంగా పోటీ పడదలచినవారికి ఉపయోగపడేవి వేరే రెండున్నాయి: జాతీయ ఎగుమతి బీమా ఖాతా రక్షణతో 2011 నుంచి ఇస్తున్న కొనుగోలుదారు రుణం, 2015లో తెచ్చిన రాయితీ నిధుల పథకం. బంగ్లాదేశ్‌లోని రాంపాల్‌లో 1,320 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కాంట్రాక్టును బీహెచ్ఈఎల్ టెండరులో నెగ్గడంలో ఈ రెండో పథకం తోడ్పడింది. ఎగ్జిమ్ బ్యాంకు దానికి 160 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. అయితే వ్యూహాత్మకంగా ముఖ్యమని ప్రభుత్వం భావించిన ప్రాజెక్టుకే ఈ తలుపు తెరుచుకుంటుంది. మధ్య స్థాయి కాంట్రాక్టరుకు అది దూరపు కొండే.

షరతుల పోటీ ఎలా ఉంటుందో చూడాలంటే 2015లో ఇండోనేషియా జకార్తా నుంచి బాండుంగ్‌కు హైస్పీడు రైలు కోసం పిలిచిన పోటీకన్నా మంచి ఉదాహరణ లేదు. జపాన్ 0.1 శాతం వడ్డీకి 40 ఏళ్ల రుణం ఇస్తానంది, అయితే ప్రభుత్వ హామీ కావాలంది. చైనా దాదాపు 2 శాతం వడ్డీ అడిగింది, హామీ మాత్రం వద్దంది. గెలిచింది చైనా. వడ్డీ ఇరవై రెట్లు ఎక్కువైనా, ప్రభుత్వ ఖాతాలో అప్పుగా కనిపించకపోవడమే ఆనాడు జకార్తాకు ముఖ్యమైంది. తర్వాత కథ అంత సాఫీగా సాగలేదు: 550 కోట్ల డాలర్లుగా చెప్పిన ఖర్చు 720 కోట్లు దాటింది, 2021లో బడ్జెట్టు నిధులు వాడటానికి ప్రభుత్వం అనుమతించవలసి వచ్చింది, రైలు 2023 అక్టోబరులో మొదలైంది. కొనుగోలుదారుకు ఇది ఏ గుణపాఠమైనా కావచ్చు. బిడ్డరుకు మాత్రం ఇందులో ఉన్నది చాలా ఆచరణాత్మకమైన సమాచారం. ఎదుటివారి ఆర్థిక మంత్రిత్వ శాఖను నిజంగా బాధిస్తున్నది ఏమిటో తెలుసుకోకుండా సిద్ధం చేసిన రుణ ప్రతిపాదన, ఎంత చవకదైనా, గురి తప్పుతుంది.

జపాన్ చూపే 0.1 శాతం వడ్డీని ఎగుమతి రుణంతో పోల్చడమే సరికాదని కొందరు అంటారు. వారి మాటలో నిజముంది. అది సహాయ రుణం. ముంబై–అహ్మదాబాద్ హైస్పీడు రైలుకు 81 శాతం వరకు ఖర్చును 0.1 శాతం వడ్డీతో, 15 ఏళ్ల మారటోరియంతో కలిపి 50 ఏళ్లకు ఇచ్చిన రుణం ఆ కోవకే చెందుతుంది. ఎగుమతుల కోసం సహాయాన్ని ఎరగా వాడకూడదని 1992 నుంచి హెల్సింకీ నిబంధనలు ఉన్నాయి: సొంత రాబడితో నిలబడగల ప్రాజెక్టులకు షరతులతో ముడిపడిన సహాయం ఇవ్వరాదు, ఇచ్చే సహాయంలో రాయితీ స్థాయి కనీసం 35 శాతం, అత్యంత వెనుకబడిన దేశాలకు 50 శాతం ఉండాలి. వినడానికి వింతగా ఉన్నా, ఇక్కడ నియమం రాయితీని మరీ తక్కువ ఇవ్వవద్దంటోంది. కొద్దిపాటి రాయితీతో పెద్ద కాంట్రాక్టు లాక్కోవడం కుదరకుండా చేయడం దాని ఉద్దేశం. బిడ్డరు గుర్తుంచుకోవలసిన మరో 35 కూడా ఉంది. అంతర్జాతీయ ద్రవ్య నిధి కార్యక్రమంలో ఉన్న పేద దేశాలకు సాధారణంగా 35 శాతం గ్రాంటు అంశం (రుణంలో ఉచిత సహాయంతో సమానమైన భాగం) లేని రుణాల మీద పరిమితులు ఉంటాయి. మామూలు ఎగుమతి రుణం ఆ గీతకు చాలా దిగువన ఉంటుంది. అలాంటి దేశంలో టెండరుకు దిగే ముందు ఈ విషయం కనుక్కోకపోతే బిడ్డు తయారీ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

రష్యా అణు విద్యుత్ రుణాలు వేరే లోకం. బంగ్లాదేశ్‌లోని రూప్‌పూర్‌కు 1,138 కోట్ల డాలర్లు, అంటే ఖర్చులో 90 శాతం ఇచ్చింది. ఈజిప్టులోని ఎల్ దాబాకు 3 శాతం వడ్డీతో 2,500 కోట్ల డాలర్లు ప్రకటించింది. షరతులు ఆకర్షణీయమే గానీ, ఆంక్షల వల్ల రూప్‌పూర్ బకాయిలు డాలర్లలో చెల్లించే దారి మూసుకుపోయింది. రుణ ఒప్పందంలో చెల్లింపు కరెన్సీ, చెల్లింపు మార్గం అన్న నిబంధనలను ఇకమీదట ఎవరూ తేలిగ్గా తీసుకోరాదు.

ఇప్పుడు వేగం. సేవలో అసలు బలహీనత ఇదే. టెండరు సమర్పణ నాటికి కాంట్రాక్టరుకు దొరికేది ఆసక్తి లేఖ మాత్రమే. అందులో సంస్థ ఈ ప్రాజెక్టును పరిశీలించడానికి సిద్ధమని రాసి ఉంటుంది, రుణం ఇస్తామని రాసి ఉండదు. అసలు నిర్ణయానికి ముందు సాంకేతిక పరిశీలన, ఆర్థిక పరిశీలన, న్యాయ పరిశీలన, పర్యావరణ సామాజిక ప్రభావాల పరిశీలన అన్నీ జరగాలి. తీవ్ర ప్రభావం ఉండే ప్రాజెక్టయితే, ఓఈసీడీ నియమాల ప్రకారం తుది నిర్ణయానికి కనీసం 30 రోజుల ముందు ప్రభావ అంచనా నివేదికను ప్రజల ముందు పెట్టాలి. ఈ పరిశీలనను నేను తప్పుపట్టను. నిర్వాసితులైన జనం నీళ్లూ నేలా పోగొట్టుకున్నాక ప్రశ్నించడం కన్నా ముందే ప్రశ్నించడం మేలు. తప్పుపట్టేది ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా నడిపే పద్ధతిని. పక్కపక్కనే నడపగల పనులను వరుసలో నిలబెట్టడం వల్ల, గెలిచిన బిడ్డు చెల్లుబాటు గడువు ముగిసిపోయి, ధర పొడిగింపు కోసం కొనుగోలుదారు గుమ్మం ముందు కాంట్రాక్టరు మళ్లీ నిలబడవలసిన స్థితి వస్తుంది.

సేవ అందుబాటులో ఉంటుందన్న భరోసా కూడా ప్రతిచోటా ఒకేలా లేదు. అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు అనుమతి గడువు 2015 జులై 1న ముగిసిపోయింది. అదే ఏడాది డిసెంబరులో పునరుద్ధరించినా, పాలక మండలిలో చాలినంత మంది సభ్యులు లేక 2019 మే వరకు కోటి డాలర్లు మించిన దీర్ఘకాలిక రుణాలను ఆమోదించలేకపోయింది. ఆ నాలుగేళ్లలో అమెరికా నుంచి పెద్ద యంత్రాలు సరఫరా చేయదలచిన సంస్థలు ఇతర దేశాల ఎగుమతి రుణ సంస్థలను, వాటితో పాటు ఇతర దేశాల కర్మాగారాలను చూసుకున్నాయి. 2019 చివర్లో ఏడేళ్లకు పునరుద్ధరణ దొరికింది; చైనాతో పోటీ పడటానికి ప్రత్యేక కార్యక్రమం కూడా చేర్చారు. ఆ అనుమతి 2026 డిసెంబరు 31 వరకు. దశాబ్దాల పాటు నడిచే ప్రాజెక్టులకు రుణం ఇచ్చే సంస్థ భవిష్యత్తు కొన్నేళ్లకోసారి ఓటు మీద ఆధారపడటం వాడుకరికి ఏ మాత్రం నమ్మకం కలిగించే ఏర్పాటు కాదు.

చివరగా, ఈ సేవలో చాలామంది వాడని ఒక వెసులుబాటు. ఒప్పందంలో లేని దేశం మెరుగైన షరతులు చూపించినట్టు తేలితే, ఓఈసీడీ సభ్య దేశపు సంస్థ ఇతర సభ్యులకు తెలియజేసి, ఆ షరతులకు సరితూగే షరతులు ఇవ్వవచ్చు. 2011లో పాకిస్తాన్ రైల్వేలకు జీఈ సంస్థ 150 ఇంజన్లు సరఫరా చేయడానికి పోటీపడినప్పుడు, అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు చైనా షరతులకు సరితూగే రుణాన్ని ఇవ్వడానికి ముందుకొచ్చింది. ఈ నిబంధనకు ఉన్న ఆటంకం ఆధారం. పోటీదారు షరతులు ఏమిటో చూపించాలి, ఆ షరతులు మూసిన కవరులోనో ఇద్దరు మంత్రుల మధ్యనో ఉంటాయి. టెండరు పత్రాలు బిడ్డరుకు ఇక్కడ ఒక దారి ఇస్తాయి. బిడ్డుకు ముందు జరిగే సమావేశంలో, గడువు ఎంత కోరుతున్నారు, మారటోరియం అందులో కలిసి ఉందా, ముందస్తు వాటా ఎంత, ప్రభుత్వ హామీ ఇస్తారా, ఫీజులూ ప్రీమియమూ కలిపి ప్రస్తుత విలువ ప్రకారం పోలుస్తారా అన్న ప్రశ్నలను రాతపూర్వకంగా అడగాలి. వాటికి కొనుగోలుదారు ఇచ్చే రాతపూర్వక జవాబు అందరు బిడ్డర్లకూ అందుతుంది కాబట్టి అది రహస్య సమాచారం కిందికి రాదు. ఇతర షరతులను ఇప్పటికే ఎవరైనా ప్రతిపాదించి ఉంటే వాటి నీడ అందులో తప్పక పడుతుంది. ఆ కాగితాన్ని దరఖాస్తుకు జోడించి సరితూగే షరతులు అడిగితే, ఎగుమతి రుణ సంస్థ అధికారికి ఫైలు కదపడానికి కావలసిన ఆధారం చేతికి వస్తుంది.